ప్లాస్టరు అంటించిన బటన్

పొద్దున తొమ్మిదిన్నరకి అందరూ నిలబడి మాట్లాడుకునే మీటింగులో ఆయన వరుసగా పదకొండో రోజు అదే మాట చెప్పాడు: "నిన్నటి పనే, ఇవాళా నడుస్తోంది." ఎవరూ పట్టించుకోలేదు.

వయసు నలభై మూడు. ప్రోగ్రాములు రాయడంలో ఇరవై ఏళ్లు. ఆఫీసులో పాతకాపు అంటారు, ఎదురుగానే. ఒకప్పుడు కంచం ముందు కూర్చుని కూడా కోడు గురించే ఆలోచించేవాడు. ఇప్పుడు స్క్రీను తెరిచి, కీబోర్డు మీద చేతులు పెట్టి, అలాగే ఉండిపోతాడు. ఉత్సాహం నూరిపోసే వీడియోలు చూశాడు. ఉదయపు నడక మొదలుపెడితే మోకాలు పట్టేసింది. కొత్త ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుందామని కొన్న పుస్తకం, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా బరువుకి పనికొస్తోంది.

"నెలాఖరులోగా పని మీద మనసు నిలవకపోతే మానేస్తా," అన్నాడు భార్యతో.

"మానేసి? బల్బు మార్చడం కూడా రాదు నీకు." మళ్లీ ఆమే అంది: "నువ్వు రాసినవి వాడే మనిషిని ఎప్పుడైనా చూశావా? ఓసారి పోయి చూసిరా."

చూడలేదు. శనివారం ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ రోగుల పేర్లు నమోదు చేసే ప్రోగ్రాము మూడేళ్ల కిందట ఆయన రాసిందే. కౌంటరు దగ్గర వరుసలో నిలబడ్డాడు. ముందు ఒక ముసలావిడ, ఆమె కొడుకు.

"వయసెంతమ్మా?" అడిగింది కౌంటర్లో ఉద్యోగిని.

"అరవై రెండు."

"అరవై ఎనిమిదే అమ్మా," అన్నాడు కొడుకు.

"నన్ను నువ్వు కన్నావా, నిన్ను నేను కన్నానా?"

ఉద్యోగిని నోటుపుస్తకంలో అంకె కొట్టేసి మళ్లీ రాసింది. ఎదురుగా స్క్రీను వెలుగుతూనే ఉంది. దాని కింది మూల గాయాలకు వేసే ప్లాస్టరు అంటించి ఉంది.

తన వంతు రాగానే, "ఆ ప్లాస్టరు ఎందుకండీ?" అన్నాడు.

"దాని కింద 'వెనక్కి' అని బటనుంది. పొరపాటు దిద్దుదామని నొక్కామా, రాసిందంతా గంగపాలు. అందుకే ముందు పుస్తకంలో రాసుకుని, ఖాయమయ్యాక ఇందులో ఎక్కిస్తాం. ఏ మహానుభావుడు చేశాడో గానీ, ఒక్క పూట ఈ కుర్చీలో కూర్చోబెట్టాలి. ఇంతకీ మీకేం కావాలి?"

"ఏం లేదండీ," అని పక్కకి తప్పుకున్నాడు.

అప్పట్లో ఆ ప్రోగ్రాముని నలభైమంది ఉత్తుత్తి రోగులతో పరీక్షించాడు. వాళ్ల పేర్లూ వయసులూ ఆయనే రాశాడు. వాళ్లలో ఒక్కరూ మాట మార్చలేదు.

సోమవారం ఎనిమిదికే ఆఫీసులో ఉన్నాడు. తన దగ్గర మిగిలిన పాత నకలు తెరిచాడు. మార్చాల్సింది మూడు లైన్లు. పదిన్నరకి పూర్తయింది. టీ కూడా మర్చిపోయాడు. చాలా నెలల తర్వాత అలా జరిగింది.

తనకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడైన మేనేజరు విని తల గోక్కున్నాడు. "ఆసుపత్రి పని నిరుడే వేరే కంపెనీకి పోయింది కదన్నా. అమ్మేసిన ఇంటికి సున్నం వేస్తానంటే ఎలా?"

"మూడు లైన్లే."

"మూడైనా ముప్పై అయినా మన చేతిలో లేదు. వాళ్లకి అర్జీ పెట్టు."

పెట్టాడు. నిమిషంలో జవాబొచ్చింది: ప్రాధాన్యం తక్కువ, వరుసలో మీ సంఖ్య 1,386. ఫోను చేస్తే మరమనిషి గొంతు అదే అంకె చదివింది. ఆ మధ్యాహ్నం మళ్లీ కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

నెలాఖరు వచ్చింది. రాజీనామా ఉత్తరం రెండు వాక్యాల దగ్గర ఆగింది. మూడోది తోచలేదు. ఆ రోజుకి అర్జీ సంఖ్య 1,379.