నాలుగో ప్లగ్గు

మస్కట్ నుంచి సెలవు మీద వచ్చేవాడి పెట్టెలో ఏముంటుందో మా కోనసీమలో చంటిపిల్లాడికి కూడా తెలుసు. సెంటు సీసాలు, సబ్బులు, తలనొప్పి మందు డబ్బాలు, ఓ మెత్తటి దుప్పటి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను తెచ్చిన పెట్టెలో మాత్రం వీటన్నిటి కింద నాలుగు స్పార్క్ ప్లగ్గులు కూడా ఉన్నాయి. వాటివల్ల మా ఇంట్లో జరిగిన భాగోతం అంతా ఇంతా కాదు.

ప్లగ్గులు తెమ్మన్నది మా బావగారు, అంటే మా అక్క భర్త. అమలాపురంలో కాలవగట్టు మీద ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. అంబాసిడర్లూ జీపులూ ఆయనకి కొట్టిన పిండి. అలాంటి మనిషి ఓ రోజు మస్కట్‌కి ఫోన్ చేసి, ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడారు.

"ఏరా, కొంప మునిగింది. మన పక్క నగరం అనే ఊరి నించి ఒకాయన టర్బో కారు తెచ్చేరు. గల్ఫ్ నించి ఓడ మీద దింపుకున్నారంట. పెట్రోల్ బండి. ప్లగ్గులు మార్చమంటే మార్చేను. అప్పట్నించీ గట్టిగా తొక్కితే చాలు, దగ్గుతోంది."

"ఏ ప్లగ్గులేసేరు బావగారూ?"

"సైజుకి సరిపోయినవే ఏసేనురా" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. సైజు సరిపోతే సరిపోయిందా? చెప్పు కాలికి పట్టిందని ఆడవాళ్ళ చెప్పులు తొడుక్కుని తిరుగుతామా! ప్లగ్గుల్లో వేడి రకం, చల్ల రకం అని ఉంటాయి. మామూలు ఇంజను గాలిని తనంతట తనే పీల్చుకుంటుంది. టర్బో ఉన్న ఇంజన్లోకి గాలిని కూరి కూరి పంపుతారు. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ మంట. అందులో మామూలు ప్లగ్గు పెడితే దాని మూతి ఎర్రగా కాలి, రవ్వ పడాల్సిన సమయం రాకముందే తనే అంటించేస్తుంది. అలాగే తోలుతూ పోతే పిస్టన్‌కి చిల్లు పడుతుంది. అందుకని వేడిని గబగబా లాగేసే చల్ల రకమే వెయ్యాలి. దాని మొన దగ్గర సందు కూడా తగ్గించాలి. సందు ఎక్కువైతే ఆ ఒత్తిడిలో రవ్వ దూకలేక ఆరిపోతుంది. గోదారి మధ్యలో పంటు పడవ మీద నిలబడి అగ్గిపుల్ల గీసి చూడండి, అదే సంగతి. ఈ నాలుగు ముక్కలూ నేర్చుకోవడానికి నేను మస్కట్ గ్యారేజీలో ఆరేళ్ళు తిట్లు తిన్నాను.

ఆ చల్ల రకం అమలాపురంలో లేదు, రాజమండ్రిలో లేదు, కాకినాడలో అడిగితే నవ్వారట. కారాయన మహా మర్యాదస్తుడు. "ఆయ్, పర్లేదండీ, మీ బావమరిదిగారు వచ్చేదాకా చూస్తానండి. కుదరకపోతే విశాఖపట్నం పంపించుకుంటానండి" అన్నారు. ఆ మర్యాదే బావగారిని చంపేసింది. తిట్టినా బాగుండునని ఆయన బాధ. కారు విశాఖపట్నం వెళ్ళిందంటే షెడ్డు పరువు గోదాట్లో కలిసినట్టే. నేను శుక్రవారం దిగుతున్నాను కాబట్టి సోమవారం పొద్దున్నకి బండి సిద్ధం చేస్తానని బావగారు కారాయనకి మాట ఇచ్చేశారు.

శుక్రవారం తెల్లారి ఐనవిల్లి పక్కన మా ఊళ్ళో దిగాను. దిగినవాణ్ణి దిగినట్టే పడి నిద్రపోయాను. శనివారం వాడపల్లి వెళ్ళి మొక్కు తీర్చుకుని, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, అమలాపురం వెళ్దామని పెట్టె తెరిచాను. ప్లగ్గుల్లేవు, పెట్టె అడుగే కనిపించింది.

"ఏం వెతుకుతున్నావురా?" అంది అమ్మ.

"చిన్న అట్టపెట్టెలమ్మా, నాలుగు."

"అవా! సెంటు కదూ. నిన్న నువ్వు పడుకున్నప్పుడు అందరికీ పంచేసేను. ఒకటి అక్కకని దాచేనులే."

"అవి సెంటు కాదే తల్లీ! కారు ప్లగ్గులు!"

"కారు ప్లగ్గులకి అంత అందమైన పెట్టెలెందుకురా?" అని అమ్మ నన్నే నిలదీసింది. నిజమే, పెట్టెలు అందంగానే ఉన్నాయి.

మా వైపు ఇచ్చిన వస్తువు వెనక్కి అడగడమంటే వడ్డించిన విస్తరి లాక్కోవడమే. అయినా తప్పదు కదా. ఎవరెవరికి ఇచ్చావని అడిగితే పక్కింటి అత్తయ్యగారికి ఒకటి, ఎదురింటి డ్రిల్లు మాస్టారికి ఒకటి అని చెప్పి, మూడోది చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. పేపరు వెనకనించి నాన్నగారు ఒకే ఒక్క ముక్క అన్నారు. "కొత్తపేట."

కొత్తపేటలో ఉన్నది మా పిన్ని, అమ్మకి సొంత చెల్లెలు. ఇద్దరికీ మాటల్లేక అప్పటికి తొమ్మిదేళ్ళు. అక్క పెళ్ళికి అమ్మ తను స్వయంగా వెళ్ళి బొట్టు పెట్టి పిలవకుండా, చెల్లెలే కదా అని, అటు వెళ్ళే చుట్టాల చేత శుభలేఖ పంపింది. 'నేను పరాయిదాన్నా?' అని పిన్ని పెళ్ళికి రాలేదు. 'పిలిచినా రాలేదు' అని అమ్మకి కోపం. అంతే, ఇంకేం లేదు. ఆ ముందు ఒకళ్ళ జడ ఒకళ్ళు వేసుకున్న అక్కచెల్లెళ్ళు, ఆ తర్వాత ఎదురుపడితే తలలు తిప్పుకున్నారు. నేను మొదటిసారి మస్కట్ వెళ్ళేటప్పుడు పిన్ని రాకపోతే నాకు ఎంత ఏడుపొచ్చిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"ఊళ్ళో అందరికీ ఇచ్చి దానికి పంపకపోతే ఏమనుకుంటారు? గాజులావిడ కొత్తపేట వెళ్తుంటే చేతికిచ్చేను" అని వంటింట్లోంచే అంది అమ్మ. ఆవిడెప్పట్నించి ఊళ్ళోవాళ్ళని లెక్కచేస్తోందో నాకు తెలీదు.

ముందు పక్కింటికి వెళ్ళాను. అత్తయ్యగారు ప్లగ్గుని పెట్టెలోంచి తీసి, అద్దాల బీరువాలో సెల్యులాయిడ్ బొమ్మ పక్కన నిలబెట్టారు. "దేనికో తెలీలేదు గానీ అబ్బాయ్, ఫారిన్‌ది కదా అని పైనే పెట్టేను" అన్నారు. విషయం చెప్పాను. పైటచెంగు నోట్లో కుక్కుకుని నవ్వి, తీసి ఇచ్చేశారు. మిగిలిన సబ్బుల్లో ఒకటి బదులిచ్చి బయటపడ్డాను.

డ్రిల్లు మాస్టారు వంకర చూస్తే ఊరుకోలేని మనిషి. ప్లగ్గు నా చేతిలో పెట్టి, "దారిలో ఏదో దెబ్బ తగిలినట్టుందోయ్. ఈ చివర కొక్కెం వంగిపోయింది. పటకారుతో నిటారుగా నిలబెట్టేను" అన్నారు ఎంతో తృప్తిగా. రవ్వ దూకేది సరిగ్గా ఆ కొక్కెం కిందే. అది వంగి ఉంటేనే ప్లగ్గు, నిలబడితే మేకు. "ఆయ్, చాలా థాంక్సండీ మాస్టారూ" అన్నాను. ఇంకేమనను?

ఆ సాయంత్రం షెడ్డులో బావగారు ఊపిరి బిగబట్టి ఆ కొక్కేన్ని మళ్ళీ వంచారు. సన్నటి రేకు గేజి సందులో పెట్టి, బిగుతుగా జారేదాకా సరిచేశాం. అక్కకని దాచినదాంతో కలిపి మూడు ప్లగ్గులూ ఎక్కించాం. ఇంజన్లో నాలుగో సిలిండరు గదిలో మాత్రం బావగారు వేసిన పాత ప్లగ్గే మిగిలింది. మెల్లగా పోతే బండి బాగానే ఉంది. కొంచెం గట్టిగా తొక్కితే మళ్ళీ దగ్గు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి కొత్తపేట వెళ్ళాను. పిన్ని వాకిట్లో నన్ను చూసి ఆగిపోయింది. "ఎంత నల్లబడిపోయేవురా నాన్నా" అని రెండు చేతులూ పట్టుకుంది. బాబాయి బేరం మీద రావులపాలెం వెళ్ళారంది. సున్నుండలు పెట్టింది, మజ్జిగ ఇచ్చింది. నేను నోరు తెరిచేలోపే బీరువాలో పట్టుచీరల మడతల కిందనించి అట్టపెట్టె తీసింది.

"ఇందుకోసమేగా వచ్చేవు?"

"ఇదేంటో నీకు తెలుసా పిన్నీ?"

"మీ బాబాయి ఇరవై ఏళ్ళనించి టాక్సీ తోలుతున్నారు. ఆదివారమొస్తే ప్లగ్గులు విప్పి నా ముందు పడేస్తారు. గరుకు కాగితం పెట్టి తోమి తోమి నా వేళ్ళరిగిపోయేయి. నాకు తెలీదా?" అంటూ ప్లగ్గుని వెలుతురుకి తిప్పి చూసింది. "అయితే ఇది మా అంబాసిడర్ దాంట్లాంటిది కాదు. లోపలి పింగాణీ పొట్టిగా ఉంది."

వేడి రకానికీ చల్ల రకానికీ తేడా అదే! బావగారు పట్టుకోలేనిది మా పిన్ని పట్టుకుంది.

"మరి తెలిసీ ఇంత జాగ్రత్తగా దాచేవేంటి?"

"తొమ్మిదేళ్ళకి మా అక్క పంపిందిరా. బొగ్గుముక్క పంపినా దాచుకుందును." నేను చెయ్యి చాపాను. ఆవిడ గుప్పిట మూసేసింది. "ఇవ్వను. అప్పుడూ ఇంకో మనిషి చేతే పంపింది. ఇప్పుడూ అంతే. కావాలంటే మీ అమ్మనే వచ్చి అడగమను."

తిన్నగా షెడ్డుకి వెళ్ళి బావగారికి చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుని, "ఎక్కరా" అని ఆ టర్బో కారులోనే మా ఊరు తీసుకొచ్చారు.

అమ్మ మొదట ఎగిరిపడింది. పెద్దదాన్ని నేను వెళ్ళాలా అంది. ప్లగ్గు లేకపోతే కారు నడవదా అంది. బావగారు అరుగు మీద కూచుని నెమ్మదిగా అన్నారు. "అత్తయ్యగారూ, నా పెళ్ళికే కదండీ ఈ తగువు. తొమ్మిదేళ్ళుగా పండక్కి మీ ఇంట్లో భోంచేస్తుంటే, నా మూలానే కదా ఆవిడ రావట్లేదని ముద్ద దిగట్లేదండి నాకు. ప్లగ్గు సంగతి సరే, నా కోసం రండి."

అమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "పెద్దరికం కాదయ్యా. భయం. గుమ్మంలోంచే పొమ్మంటే నేనేమైపోవాలి?" అంది. మా అమ్మ దేనికైనా భయపడుతుందని నాకు తెలియడం అదే మొదలు. నాన్నగారు పేపరు మడిచి, లోపలికి వెళ్ళి, కుంకుమభరిణ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు.

దారంతా కారు దగ్గుతూనే ఉంది. కాలవ వంతెన ఎక్కేటప్పుడైతే ఆగిపోతుందేమో అనుకున్నాను. వెనక సీట్లో అమ్మ భరిణని రెండు చేతులా పట్టుకుని కూచుంది. కొత్తపేటలో పిన్ని ఇంటి ముందు ఆగాం. పిన్ని అరుగు మీదే ఉంది. లేచి నిలబడింది గాని రమ్మని అనలేదు. అమ్మ గేటు తీసుకుని వెళ్ళి, ఎదురుగా ఆగి, భరిణ మూత తీసి చెల్లెలి నుదుట బొట్టు పెట్టింది. సగం కుంకుమ ముక్కు మీద పడింది.

"మా అమ్మాయి పెళ్ళి. మీ ఇంటిల్లిపాదీ తప్పకుండా రావాలి" అంది.

అమ్మకి మతి పోయిందనుకున్నాను. బావగారు పానా పట్టుకుని కారు పక్కన అలాగే నిలబడిపోయారు. రెండో క్లాసు చదివే కొడుకున్న పెళ్ళికొడుకాయన!

"ఎప్పుడే పెళ్ళి?" అంది పిన్ని.

"అయిపోయి తొమ్మిదేళ్ళయిందే."

"అయితే భోజనాలేమన్నా మిగిలేయా?"

ఇద్దరూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకు తెలీదు. ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి ఏడుస్తుంటే, నేను అటు తిరిగి బానెట్ ఎత్తాను. నా కళ్ళూ బాగోలేవు.

ఇంజను వేడి మీద ఉండగా ప్లగ్గు విప్పకూడదు. మరలు ఊడొస్తాయి. చల్లారేదాకా ఆగాల్సిందే. అరుగు మీద అక్కచెల్లెళ్ళు తొమ్మిదేళ్ళ పెళ్ళిళ్ళూ పురుళ్ళూ చెప్పుకుంటున్నారు. "చల్లారిందంటావా?" అని బావగారు రెండుసార్లు అడిగారు. చేత్తో తాకి చూసి, "ఇంకా లేదండీ" అన్నాను. రెండోసారి అబద్ధమే.

పొద్దు వాలుతుండగా పిన్ని తనే వచ్చి ప్లగ్గు నా చేతిలో పెట్టింది. సైకిల్ పంపుతో గది చుట్టూ దుమ్ము ఊది, పాతది విప్పి, కొత్తదాని తలకి రబ్బరు గొట్టం తొడిగి వేళ్ళతోనే తిప్పుకుంటూ దించాను. బావగారు పొడుగు పానా అందించబోతే, "అక్కర్లేదండీ, ఇది లారీ కాదు" అని చిన్నదాంతోనే బిగించాను. విప్పిన పాతది పిన్ని అడిగి తీసుకుని, ఆ అందమైన అట్టపెట్టెలో పెట్టి మళ్ళీ చీరల కింద దాచింది.

తర్వాత తలుపు తాళం వేసి, బాబాయికి పక్కింట్లో కబురు చెప్పి, కారెక్కి కూచుంది. "పెళ్ళికి పిలిచేరుగా. పదండి, అమ్మాయి చేతి భోజనం చేసొద్దాం" అంది.

అమలాపురం దారిలో బావగారు ఖాళీ రోడ్డు చూసి గట్టిగా తొక్కారు. కారు ఒక్క ఉదుటున ముందుకెళ్ళింది. వంతెన ఎప్పుడెక్కిందో ఎప్పుడు దిగిందో తెలీలేదు. ఆయన చెవి రిక్కించి, "ఏరా, ఇంకా ఎక్కడన్నా దగ్గుతోందేమో విను" అన్నారు.

విందామనే చూశాను. వెనక సీట్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒకళ్ళ మాట ఒకళ్ళు వినకుండా, తొమ్మిదేళ్ళదీ ఆ రాత్రికే అయిపోవాలన్నట్టు.

"ఇంజను వినబడట్లేదండీ బావగారూ" అన్నాను.

ఆయన అద్దంలోంచి వెనక్కి చూసి, "పోన్లేరా, వినబడకపోతేనే బాగు" అన్నారు.