నాడి అందని చెయ్యి

పెళ్లయి ఖరగ్‌పూర్ వచ్చిన కొత్తలో మా అత్తగారి చెయ్యి తగిలితే ఉలిక్కిపడ్డాను. మే నెల ఎండకి రైల్వే క్వార్టరు గోడలు కాగిపోతున్నాయి. మంచినీళ్ల గ్లాసు అందించిన ఆవిడ వేళ్లు మాత్రం మంచుముక్కల్లా ఉన్నాయి. గోళ్లలో చుక్క ఎరుపు లేదు.

"ఏటలా సూస్తన్నావు? తాగు" అంది.

ఆవిడకు ఒంటితలనొప్పి, అదే మైగ్రేన్. వచ్చిందంటే తలుపులు మూసుకుని, కళ్లముందు మెరుపుగీతలు తిరుగుతున్నాయని మూలిగేదట. డాక్టరు ఎర్గటమిన్ బిళ్లలు రాశారు. నొప్పి మొదలైతేనే వేసుకోవాలి, వారానికి ఇన్నే అని గట్టిగా చెప్పారు కూడా. వినేదెవరు? మా వీధిలో అన్నం, స్నానం, మందు అన్నీ వర్క్‌షాపు సైరనుకే. దగ్గుమందైనా సరే, సైరను కూస్తే గొంతులో పడాల్సిందే. ఈ బిళ్లలూ అలాగే పడుతున్నాయనీ, చాలకపోతే మామగారు గోల్‌బజార్ మందుల షాపు నుంచి తెస్తున్నారనీ అప్పటికి నాకు తెలియదు.

కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే, ఖరిదా పేటలో నాడి చూసే పెద్దాయన్ని పిలిపించారు. ఆయన ఒక మణికట్టు పట్టుకున్నాడు. తర్వాత రెండోది. మళ్లీ మొదటిది. పోసిన టీ కూడా ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు.

పక్కింటావిడ గుమ్మంలోనే నిలబడి నా చెవిలో ఊదింది. "నాడి లేదంటే మనిసి లేనట్టే కదమ్మా. మరి మాటాడతన్నది ఎవులు?"

ఆ మర్నాటి నుంచి మా అత్తగారు బొట్టు పెట్టబోతే ఆడవాళ్లు నుదురు వెనక్కి తీసుకునేవారు. వాళ్లనని ఏం లాభం, నేను తక్కువ తిన్నానా? ఆవిడ జడ వేస్తూ మెడ తాకితే నాకు పైప్రాణాలు పైనే పోయేవి. చదివిన బీయస్సీ ఏ గంగలో కలిసిందో!

ఒక మధ్యాహ్నం సైరను కూసింది. ఆవిడ అలమరలోంచి గోధుమరంగు సీసా తీసి బిళ్ల గుటుక్కున మింగింది.

"నొప్పుందా అత్తా?"

"నెప్పేటి? సైరను కూసింది కదా."

సీసా లాక్కుని మీద పేరు చదివాను. ఎర్గటమిన్‌కి వెలుతురు పడదు, అందుకే ఆ రంగు సీసా. చలిదేశాల్లో రై అనే ధాన్యపు వెన్నులో, గింజ ఉండాల్సిన చోట, నల్లటి బూజు కోడిపుంజు కాలి ముల్లులా పెరుగుతుంది. ఈ మందు అందులోంచే తీస్తారు. టార్టారిక్ ఆమ్లంతో కలిపి లవణంగా మారుస్తారు. మన చారులో చింతపండు పులుపు ఆ ఆమ్లమే. తలలో ఉబ్బిన రక్తనాళాలను ఈ మందు బిగిస్తుంది, నొప్పి పోతుంది. కాని దానికి తలేదో చెయ్యేదో తెలియదు. రోజూ పడితే అంతటా బిగిస్తుంది. పూర్వం ఆ బూజు కలిసిన రొట్టె తిన్నవాళ్లకు వేళ్లు నల్లబడి రాలిపోయేవని చదివాను.

వెంటనే రిక్షా పిలిచాను. డాక్టరు ఆవిడ చేతులు చూసి, "ఆజ్ సే బంద్" అన్నారు, ఈ రోజు నుంచే బిళ్లలు మానెయ్యాలని. ఇంకా మింగితే వేళ్లు కోసేయాల్సి వస్తుందన్నారు. మానగానే తలనొప్పి పగబట్టినట్టు వస్తుంది, ఓర్చుకోవాలని కూడా చెప్పారు.

వచ్చింది. ఆవిడ తల గోడకేసి కొట్టుకుంది. సీసా నా కొంగులో ముడేసుకుని, ఆవిడ మణికట్టు పట్టుకుని కూర్చున్నాను.

"ఈ వేళ్లు కోసీమనే, నాకొద్దు. ఒక్క బిళ్ల ఇయ్యే."

"ఇవ్వను."

"నా కొడుకింట్లో దూరిన దెయ్యానివే నువ్వు!"

"అవును, దెయ్యాన్నే. తిట్టు."

నోరు నొప్పెట్టేదాకా తిట్టింది. రెండో రోజూ తిట్టింది. మూడో రోజు తిడుతుండగా నా వేలి కింద సన్నగా ఏదో కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. నాకు ఏడుపు ఆగలేదు.

"బతికింది అత్తా, నీ చెయ్యి బతికింది" అన్నాను.

ఆవిడ నా మొహం కూడా చూడలేదు. వెచ్చబడుతున్న ఆ చేతిని విడిపించుకుని, నా కొంగు ముడి వెతకసాగింది.