నేను రంగు వేసిన బానం

ఈ మధ్య ఒక ఆదివారం నాడు నేనొక మ్యూజియానికి ముఖ్య అతిథిగా వెళ్లాను. ముఖ్య అతిథి అంటే మరేం లేదు, ఆ పూట అక్కడికి వచ్చింది నేనూ మా మనవరాలూ ఇద్దరమే, అక్కడ ఉన్నది ఒక్క ప్లాస్టిక్ కుర్చీ, అది నాకు వేశారు. నా మాటల్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ సగం చేస్తే నిజం తేలుతుందని మా ఆవిడ బతికున్న రోజుల్లో చుట్టాలందరికీ చెబుతుండేది. ఇప్పుడు ఆవిడ లేదు గనుక ఆ తీసివేతలన్నీ నేనే చేసుకోవలసి వస్తోంది. ఇవాళ రాయబోయేది అలాంటిదే, కాకపోతే కాస్త పెద్దది.

ఆ మ్యూజియం ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లోని మా ఇంటి నుంచి కారులో గంటన్నర దూరం. సాల్ చెట్ల అడవి మొదలయ్యేచోట ఒక సంతాల్ పల్లె, ఆ పల్లెలో రెండు గదుల మట్టి ఇల్లు, గోడల నిండా ఎర్రమట్టితోనూ తెల్లమట్టితోనూ వేసిన పువ్వులూ నెమళ్లూ. తాతముత్తాతల సామాన్లు ఎవరింట్లో ఏవి మిగిలితే అవి తెచ్చి, ఆ ఊరివాళ్లే దాన్ని మ్యూజియంగా పెట్టుకున్నారు. మా మనవరాలు కాలేజీలో ఈ జిల్లా ఆదివాసుల గురించి ఏదో రాయాలిట. సంతాలుల సంగతులు నా అంత తెలిసిన తెలుగువాడు ఖరగ్‌పూర్ మొత్తంలో లేడని దాని చిన్నప్పటి నుంచీ నేనే చెప్పి పెంచాను కాబట్టి, నన్ను వెంటబెట్టుకు వెళ్లింది.

మొదటి గదిలో విల్లమ్ములూ, వెదురు చేపల బుట్టలూ, ధాన్యం కొలిచే కుంచాలూ ఉన్నాయి. ఆ విల్లు చూపించి, వయసులో ఉండగా ఇలాంటి దానితోనే అడవిపందిని కొట్టానని మనవరాలికి చెప్పాను. నిజానికి న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ల వెనక సరదాకి ఒకసారి బాణం వేస్తే, అది ఆరేసిన లుంగీలోంచి దూసుకుపోయింది, ఆ లుంగీ కూడా నాదే. ఇలా ఒక్కో వస్తువుకీ ఒక్కో కథ అల్లుకుంటూ, చాలా హుషారుగా రెండో గదిలో కాలు పెట్టాను. పెట్టి, ఆగిపోయాను.

గది మధ్యన అద్దాల పెట్టెలో ఒక బానం నిలబెట్టి ఉంది. బానం అంటే సంతాలుల ఒంటితీగ వాయిద్యం, మూరన్నర పొడవు, ఒకే కొయ్యను తొలిచి చేస్తారు, కమానుతో వాయిస్తారు. దానికి తల, మెడ, ఛాతీ, పొట్ట అని మనిషికున్నట్టే భాగాలున్నాయి. గోడకి ఇంకో రెండు బానాలు వేలాడుతున్నాయి గాని అవి కొయ్యరంగులోనే ఉన్నాయి. ఈ అద్దాల పెట్టెలోది మాత్రం నిలువునా ఎర్రగా, మన చిన్నతనంలో రైలు బోగీలుండేవే, ఆ ముదురు ఎరుపులో, ఇంకా కొంచెం మెరుస్తూ ఉంది. పక్కన బెంగాలీలో చేత్తో రాసిన కార్డు. ఇది ఫలానా ఇంటి బానమనీ, ఛాతీ మూసి ఉన్న బానం ఈ ప్రాంతంలో మరొకటి లేదనీ, దీన్ని వాయించకూడదన్నది ఆ ఇంటి కట్టడి అనీ ఉంది.

ఆ రంగు నాది. రెండు పూతలూ నేనే వేశాను.

రైల్వే వర్క్‌షాపులో నేను రంగుల మిస్త్రీని. పక్కనే బోగీల వడ్రంగం చేసే సంతాల్ మనిషి నా జతగాడు. అతను చెక్క బిగించి ఇస్తే నేను రంగు వేసేవాణ్ణి, అలా ఇరవై రెండేళ్లు ఒకే బోగీకి అటొకరం ఇటొకరం నిలబడి పనిచేశాం. మాకు మాటలు తక్కువ. అతని హిందీలో బెంగాలీ, నా బెంగాలీలో శ్రీకాకుళం తెలుగు కలిసిపోయి, మూడోవాడికి అర్థంకాని భాష ఒకటి మా ఇద్దరికీ తయారైంది. విశ్వకర్మ పూజ నాడు వర్క్‌షాపు గేట్లు ఇంటివాళ్లకి కూడా తెరిచేవారని నా ఈడు ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకి చెప్పనక్కరలేదు. పిల్లలంతా కొత్తబట్టలతో యంత్రాల మధ్య తిరిగేవారు, ఒక మూల మన హరికథ, ఇంకో మూల బెంగాలీల ఢాక్ డోళ్లు, ఎవరి సందడి వాళ్లదే. అలాంటి ఒక పూజనాడు నా జతగాడు వాళ్ల తాత చేతిదట, ఈ బానం తెచ్చి మా షాపులో వాయించాడు. సాయంత్రానికి పెద్ద వాన పట్టుకుంది. దాని పొట్టకున్న ఉడుం తోలు తడిస్తే పాడైపోతుందని బానాన్ని నా సామాన్ల పెట్టెలో పెట్టి అతను ఇంటికి పోయాడు, మర్నాటి నుంచి అతనికి నాలుగు రోజులు సెలవు.

ఇక్కడ నేను చేసిన పనికి ఎన్నో ఏళ్లు గర్వపడ్డాను. ఆ బానం చూస్తే నల్లబడి, గీతలు పడి, ఛాతీ దగ్గర ఇంత ఖాళీ నోరు తెరుచుకుని ఉంది. పైన తొలిచి వదిలేసి, కింద పొట్టకి మాత్రమే తోలు మూశారు. పాపం ఎప్పుడో చెక్క ఊడిపోయుంటుంది, పెట్టించుకునే తీరిక లేక ఇతను అలాగే వాయించుకుంటున్నాడనుకున్నాను. మా షాపు పద్ధతి ఒక్కటే, లోపలికి ఏ బోగీ వచ్చినా పాత రంగు గీకడం, కన్నాలుంటే మూయడం, పుట్టీ పెట్టడం, ప్రైమర్ వేయడం, ఆపైన రెండు పూతల రంగు, ఒక పూత వార్నిషు. బానానికీ అదే చేశాను. ఛాతీకి అడ్డంగా పల్చటి చెక్క కొలిచి బిగించి, సందుల్లో పుట్టీ కూరి, తోలు బోసిగా ఎందుకని దానికీ కలిపి రంగు పట్టించాను. సెలవు అయి అతను వచ్చినప్పుడు షాపంతా చుట్టూ మూగి చప్పట్లు కొట్టింది. అతను దాన్ని చేతుల్లోకి తీసుకుని, తిప్పి చూసి, ఛాతీ మీద ఒకసారి వేళ్లతో తట్టాడు. తట్టి, నా మొహం చూశాడు.

“బా, ఖూబ్ షుందొర్ హొయేఛే, మిస్త్రీ,” అన్నాడు. చాలా అందంగా ఉందని.

ఆ తర్వాత అతను దాన్ని షాపుకి తేలేదు. వాళ్ల క్వార్టరు మా వెనక వరసలోనే. సంతాలుల సొహ్రాయ్ పండక్కి ఏటా వాళ్లింటికి భోజనానికి వెళ్లేవాణ్ణి, గోడ మీద బానం ఎర్రగా మెరుస్తుండేది, వచ్చిన వాళ్ల చుట్టాలందరికీ నేను దాన్ని చూపించి, శిథిలమైపోయిన దానికి ప్రాణం పోశానని చెప్పుకునేవాణ్ణి. అతను పక్కనే కూర్చుని తలూపుతూ వినేవాడు. వాయించవేం అని ఒక ఏడు అడిగితే, అది ఇప్పుడు పెద్దల బానం అయిపోయింది, విశ్రాంతి తీసుకుంటోంది అన్నాడు. నా రంగు వల్ల దానికి అంత గౌరవం వచ్చిందని నేను మరింత పొంగిపోయాను. అతను రిటైరై సొంత ఊరు వెళ్తున్నప్పుడు స్టేషన్లో చెయ్యి పట్టుకుని, వచ్చే పండక్కి మీ ఊరు వస్తానని మాట ఇచ్చాను. ఆ ఊరు చాలాసార్లు వెళ్లానని ఇంట్లో చెప్పాను గాని, ఒక్కసారీ వెళ్లలేదు, చివరికి ఆ ఊరి పేరు కూడా మరిచిపోయాను. అతను చనిపోయిన కబురు ఏడాది గడిచాక, పూరీ గేట్ దగ్గర కూరలు కొంటుంటే తెలిసింది.

అద్దాల పెట్టె ముందు ఇదంతా నా బుర్రలో తిరుగుతుంటే, మనవరాలు కార్డు చదివి, దీనొక్కదానికే ఈ రంగెందుకని అడిగింది. అది వాళ్ల దేవుడి రంగని చెప్పేశాను. అబద్ధాలలో నాకున్న అలవాటు అలాంటిది, ఆలోచించకుండానే వస్తాయి.

“దేవుడి రంగు కాదు బాబూ, రైలు రంగు,” అని వెనక నుంచి వినపడింది.

నాకు కుర్చీ వేసిన మనిషే. యాభై ఏళ్ల ఆవిడ, బడిలో పాఠాలు చెబుతుందిట, అంతసేపూ మాతో బెంగాలీలో మాట్లాడింది. ఇప్పుడు చక్కటి శ్రీకాకుళం తెలుగులో అంది. న్యూ సెటిల్‌మెంట్‌లో మన పిల్లలతో ఆడుకుంటూ పెరిగిన పిల్లకి ఆ తెలుగు రాకేం చేస్తుంది?

“మా నాన్నకి తెలుగు దోస్తు ఒకాయన ఉండీవోడు, రంగుల మిస్త్రీ. పేమగా ఏసిచ్చినాడంట. ఆ రంగు ఏసిన కాడినుంచి బానం పడుకుంది, ఎవులూ లేపకూడదు అని సెప్పినాడు మా నాన్న,” అని, నన్ను కిందా మీదా చూసి, “మీరు ఆ బాబాయి కాదు గదా? సిన్నప్పుడు సూసినాను, పోల్సుకోలేకపోతన్నాను,” అంది.

ఇంతకన్నా మంచి అవకాశం నాలాంటివాడికి వస్తుందా? అవునన్నాను. ఆమె నా కాళ్లకి దండం పెట్టింది. మనవరాలు నన్ను కొత్తగా చూసింది. ఆమె సంతోషంలో ఇంటి సంగతులన్నీ చెప్పుకొచ్చింది. ఊళ్లో బానం బాగుచేసి పలికించగల ముసలాయన ఒక్కడే మిగిలాడట, ఆయనకీ ఈ చలికాలం గడవడం కష్టమేనట. ఆయన ఉండగానే తాతగారి బానం నేర్చుకుంటానని తన కూతురు పోరుతోందట. ఊరి పెద్దలూ, ఆ ముసలాయనా కూడా, ఇంటి యజమాని మాట దాటకూడదని దాన్ని ముట్టుకోలేదట. “మా నాన్న మాట గదా బాబాయ్, ఏటి సేత్తాం,” అంది.

గోడకున్న ఆ మిగతా రెండు బానాల వైపు అప్పుడు సరిగ్గా చూశాను. రెండింటికీ ఛాతీ తెరిచే ఉంది. ఊడిపోయిన చెక్క కాదు అది. పాట బయటికి వచ్చే దారి. దాన్నే నేను చెక్కపెట్టి, పుట్టీ కూరి మూసేశాను.

నేను నోరు మూసుకుంటే నా పేరు ఆ ఇంట్లో దేవుడి పక్కన ఉంటుంది, మనవరాలి దగ్గర పరువూ నిలుస్తుంది. చెబితే రెండూ పోతాయి, పైగా తండ్రి మాట వట్టిదని కూతురి ముందు తేలిపోతుంది. చెప్పకపోతే ఆ బానం అద్దంలోనే ఉండిపోతుంది, ఆ ముసలాయన వెళ్లిపోయాక ఇక తెరిచినా పలికించేవాడు లేడు. ధైర్యంగా అప్పటికప్పుడు చెప్పేశానని రాద్దామనుకున్నాను. చెప్పలేదు. మంచినీళ్లు అడిగాను, తాగాను, బయటికి వెళ్లి బొమ్మల గోడని చాలాసేపు మెచ్చుకున్నాను, కారు దాకా కూడా వెళ్లాను. కారు తలుపు తీసిన తర్వాత మళ్లీ వెనక్కి వచ్చాను.

“అమ్మా, అది పడుకోనేదు. నేనే దాని పీక నొక్కీసినాను,” అన్నాను. అని, మొత్తం చెప్పాను.

ఆమె గడప మీద కూర్చుండిపోయింది.

“అయితే మా నాన్న అబద్దం ఆడినాడా?”

“ఆడినాడమ్మా. నేను సిన్నబోకుండా ఆడినాడు.”

“వడ్రంగి గదా బాబాయ్, మా నాన్న. ఆ సెక్క ఊడదియ్యడానికి అరగంట పట్టదు.” అద్దాల పెట్టె వైపు చూస్తూ మళ్లీ అంది, “ఊరు వచ్చీసినాక కూడా పండక్కి పండక్కి గుడ్డెట్టి తుడిసీవోడు. మిస్త్రీ వత్తానన్నాడు, వచ్చి రంగు మీద దుమ్ము సూత్తే బాగోదు, అనీవోడు.”

దీన్ని మాత్రం పెంచకుండా, తగ్గించకుండా ఆమె అన్నది అన్నట్టే రాశాను. మనవరాలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అది నా మీద జాలో, నేను పడిపోతానన్న భయమో అడగలేదు.

ఆమె లేచి కొంగుతో మొహం తుడుచుకుని, అద్దాల పెట్టె తెరిచి, బానం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. “మూసినోళ్లే తియ్యాల. ఏడుపు తరవాత, ముందు పని సూడండి,” అంది. నాకు ఉలి పట్టే వయసు దాటింది గనుక, ఎక్కడ పుట్టీ ఉంది, ఎక్కడ మేకు ఉంది నేను చూపిస్తుంటే, ఆ తర్వాతి రెండు ఆదివారాలూ మా మనవరాలూ ఆమె కూతురూ కూర్చుని చిన్న ఉలితో ఛాతీ తెరిచారు. తోలు ఆ ముసలాయన మార్చాడు. నేను సాయం చేయబోతే, “నువ్వు ముట్టుకోకు దాదా, చూస్తూ కూర్చో చాలు,” అని బెంగాలీలో అని పళ్లులేని నోటితో నవ్వాడు. వీపు మీది ఎర్ర రంగు మాత్రం గీకనివ్వలేదు నా జతగాడి కూతురు. నాన్న ఉంచినదాన్ని తీయడానికి తనెవరంది.

తీగ బిగించి ముసలాయన కమాను లాగాడు. మొదట ఆ గొంతు బరబరమంది, తర్వాత సన్నగా సాగింది, ఆమె కూతురు ముసలాయన వేళ్ల వంకే చూస్తోంది. ఆ రోజు షాపులో విన్న పాట ఇదేనా అని అందరూ నన్నడిగారు. అదేనని చెప్పడం ఎంత తేలిక! నాకు గుర్తులేదన్నాను. ఆ రోజు నేను బానాన్ని చూశాను గాని వినలేదు. రంగుల మిస్త్రీని, పైపూతే చూశాను.

మన రోజులు మంచివని మనం ఒకరికొకరం చెప్పుకుంటూ ఉంటాం. ఒకే వరస క్వార్టర్లలో తెలుగువాడూ, బెంగాలీ, ఒడియావాడూ, సంతాలూ కలిసి బతికామని, ఒకరి పండక్కి ఒకరం తిన్నామని. అదంతా నిజమే, అందులో నేను పెంచినది ఏమీ లేదు. ఆ వరసల్లో ఇప్పుడు సగం క్వార్టర్లు ఖాళీ, ఎవరి అపార్ట్‌మెంటు వాళ్లది, పక్కింటి పండగ ఏదో ఫోనులో చూస్తే తప్ప తెలియదు. కాని ఆ మధ్యాహ్నం మా మనవరాలు నోటు పుస్తకం పట్టుకుని ముసలాయన ముందు గొంతుక్కూర్చుని, ఈ చెక్క ఏ చెట్టుదని, తల మీద ఆ బొమ్మ ఎవరిదని, ఏ పాట ఎప్పుడు పాడతారని గంటసేపు వదలకుండా అడిగింది. కొన్నింటికి ఆయన చెప్పాడు. మిగిలిన ప్రతిదానికీ నా జతగాడి కూతురి వైపు చూసి, అది వీళ్ల నాన్నకి తెలుసు, అనేవాడు. ఆ నాన్న ఇరవై రెండేళ్లు నాకు చేతికందే దూరంలో నిలబడి పనిచేశాడు. అడిగుంటే చెప్పేవాడు.