యూఫీమియా అసహ్యం

కింగ్‌స్టన్ నగరానికి అవతల, లిన్‌స్టెడ్ ఊరి సంతలో తోటకూర అమ్మే యూఫీమియాకు గంజాయి పొగంటే ఒళ్లంతా కంపరం. ఏ మూల నుంచి ఆ వాసన వచ్చినా కూరల మీద తడిగుడ్డ కప్పేసి, తాగేవాణ్ణి ఏడు తరాలతో సహా కడిగిపారేసేది. కొద్దిగా దగ్గరుంచుకుంటే నేరం కాదని చట్టం మారాక ఆమె నోటికి విరామం లేకుండా పోయింది.

ఆమె అసహ్యంలో తప్పేముంది? టాక్సీల అడ్డా దగ్గర పొద్దున్నే నిలబడి చూస్తే ఎవరికైనా ఏవగింపు కలుగుతుంది. డ్రైవర్లు రమ్ము ముట్టరు, ఎందుకంటే పోలీసులు గొట్టం ఊదిస్తారు. గంజాయిని పట్టే గొట్టం వాళ్ల దగ్గర లేదు. అందుకని పెద్దమనుషుల్లా ఒక చుట్ట లాగేసి, ముగ్గురు పట్టే సీట్లో ఐదుగురిని కుక్కి, ఎర్రటి కళ్లతో కొండ మలుపుల్లో బండి ఉరికిస్తారు. అడిగితే, "ఇది మొక్కేగా, మత్తెక్కడిది?" అంటారు. ఛీ, మొక్కట!

ఆ మందలోనే ఉన్నాడు ఎవర్టన్, ఆమె చనిపోయిన చెల్లెలి కొడుకు. యూఫీమియా మనవరాలు షెరీస్ రోజూ వాడి బండిలోనే స్పానిష్‌టౌన్ బడికి వెళ్తుంది. ఒకరోజు పిల్లను ఎక్కించబోతుంటే గుప్పుమని వాసన కొట్టింది.

"ఒరే, ఏంట్రా ఆ కంపు?"

"ఒక్క దమ్మే పెద్దమ్మా. అది పడితేనే స్టీరింగు మీద చెయ్యి కుదురుగా ఉంటుంది."

"కుదురా నీ మొహం! నిన్న మేక అడ్డమొస్తే, నువ్వు బ్రేకు వేసేలోపు అది రోడ్డు దాటి గడ్డి మేస్తోంది. మానేస్తావా సరే. లేదంటే పిల్ల నీ బండెక్కదు, నువ్వు నా గడపెక్కవు."

ఎవర్టన్ తల్లి సమాధి మీద ఒట్టేశాడు. నిలబెట్టుకున్నాడు కూడా. తోటి డ్రైవర్లు, "పాస్టరుగారొచ్చారు, జరగండ్రోయ్" అని ఏడిపించినా చుట్ట ముట్టలేదు. యూఫీమియా ఆ సంగతి సంతంతా టముకు వేసింది.

అక్టోబరు వానలు పట్టుకున్నాయి. ఒక పొద్దున ఎవర్టన్ దగ్గుతూ వచ్చాడు. షెరీస్ ముక్కూ కారుతోంది.

"అయ్యో నాయనా, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయిరా! కూర్చో."

యూఫీమియా పెరట్లోకి వెళ్లి, గోడ వారనున్న గంజాయి మొక్క నుంచి గుప్పెడు రెమ్మలు తుంచుకొచ్చింది. అల్లం దంచి వేసి, నల్లగా మరిగించి, డబ్బాపాలు కలిపింది. పొగ తాగితే అది గంజాయి, మరిగిస్తే టీ. ఆమెకు వాళ్లమ్మ పోసింది, వాళ్లమ్మకు అమ్మమ్మ పోసింది. జలుబైనా ఉబ్బసమైనా ఆ ఇళ్లలో అదే మందు. ఎవర్టన్‌కు పెద్ద కప్పు నిండా, షెరీస్‌కు సగం కప్పు ఇచ్చింది. "వేడిగా తాగండి, చెమట పట్టి దిగిపోతుంది," అని దగ్గరుండి తాగించి, పిల్లను వాడి బండెక్కించింది.

పొగైతే వెంటనే తలకెక్కుతుంది. తాగింది మాత్రం తీరిగ్గా ఎక్కుతుంది. స్పానిష్‌టౌన్ దారిలో, లోయలో నది మీద ఒకసారికి ఒక వైపు బండ్లే పోగలిగే, పిట్టగోడ లేని ఇరుకు వంతెన దగ్గర ఎర్రదీపం పడి బండ్లన్నీ ఆగేసరికి ఎవర్టన్‌కు ఎక్కింది. వాడు దీపం వంక చూస్తూ చూస్తూ, అది ఎర్రగా ఉండగానే బండి కదిలించాడు. ఎదురుగా లారీ వచ్చేసింది. వాడు పక్కకు తిప్పాడు. బండి గట్టు మీంచి జారి చెట్టుకు గుద్దుకుంది. చెట్టు లేకపోతే నదే.

యూఫీమియా ఆసుపత్రికి పరుగెత్తింది. ఎవర్టన్‌కు భుజం ఎముక విరిగింది. షెరీస్‌కు నుదుటి మీద చిన్న గీత తప్ప ఇంకేం లేదు, కానీ పిల్ల లేవడం లేదు. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ వాలిపోతోంది.

"తలలో రక్తం కారుతోందేమోనని నా భయం," అంది డాక్టరమ్మ. "కింగ్‌స్టన్ పెద్దాసుపత్రికి పంపించాల్సి రావచ్చు. డ్రైవరు పరీక్షలో మాత్రం గంజాయి తేలింది."

యూఫీమియా వెళ్లి ఎవర్టన్ చెంప ఛెళ్లుమనిపించింది. "తల్లి సమాధి మీద ఒట్టేసిన నోటితో మళ్లీ తాగావురా! నువ్వూ ఒక మనిషివేనా? నిన్ను చూస్తేనే వాంతి వస్తోంది!"

"నేను ముట్టలేదు పెద్దమ్మా." వాడు ఏడుస్తున్నాడు. "పొద్దున్నించీ నా కడుపులో పడింది నీ టీ ఒక్కటే."

"టీ గురించి మాట్లాడకు! అది మందు!"

డాక్టరమ్మ గిరుక్కున తిరిగింది. "ఏం టీ? పిల్ల కూడా తాగిందా? చెప్పమ్మా, ఇది దెబ్బో మత్తో నాకు తెలియాలి."

గది గుమ్మంలో పోలీసు నిలబడ్డాడు. అతని వెనకాల సంత ఆడవాళ్లు నలుగురు. అబద్ధం ఆడితే వాళ్ల ముందు పరువు దక్కుతుంది, నేరం ఎవర్టన్ మీదే ఉంటుంది. ఆ ఆలోచన తనకు వచ్చినందుకే యూఫీమియాకు అసహ్యం వేసింది.

"తాగింది," అంది. "సగం కప్పు. గంజాయి ఆకు. నేనే కాచాను, ఇద్దరికీ నేనే పోశాను."

డాక్టరమ్మ పిల్ల కనురెప్ప ఎత్తి చూస్తూ అడిగింది. "ఇదే మొదటిసారా?"

యూఫీమియా తన గొంతు మీదే తనకు రోత పుడుతుండగా చెప్పింది.

"పళ్లొచ్చేటప్పటి నుంచీ పోస్తున్నాను."