నూరుమంది ఎర్రకోటు సిపాయిలు, అర సీసా ఆముదం

ఆముదం ఆరదు. ఈ సంగతి నాకు లంగా కట్టిన నాటి నుంచి తెలుసు. తలకు పెడితే మూడు రోజులు జిడ్డు వదలదు. దీపంలో పోస్తే ప్రమిద చుట్టూ ఏడాది తర్వాత కూడా వేలికి అంటుతుంది. కాటుకలో కలిపేది కూడా అందుకే, ఎండి రాలిపోకూడదని. నాలుగో తరగతితో బడి మానినదాన్ని, నాకు తెలియనివి చాలా ఉన్నయి. ఇది మాత్రం తెలియక చేసిన పని అని చెప్పుకోవడానికి వీల్లేదు.

అప్పుడు జర్మనీ లడాయి నడుస్తున్నది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రెండు అర్రల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక దఫ్తర్‌లో మున్షీ. మెత్తని మనిషి. దఫ్తర్‌లో పెద్దవాళ్ళ ముందు తల వంచేవాడు, ఇంటికి వచ్చినంక నా ముందు వంచేవాడు. సంసారం నేను గట్టిగా పట్టుకున్నందుకే నిలబడ్డదని నాకు గర్వం. చింతపండు పిప్పితో ఇత్తడి తోమేదాన్ని, పాత చీర చింపి దుప్పటి కుట్టేదాన్ని. నా చేతి కింద ఒక్క వస్తువు వృథా కాలేదని వాడకట్టు ఆడవాళ్ళ ముందర చెప్పుకునేదాన్ని.

మా ఎదురింట్లో ఫౌజులో పనిచేసి దిగిన ముసలి సాబ్ ఒకాయన ఉండేవాడు. గల్లీ అంతా కప్తాన్ సాబ్ అని పిలిచేవాళ్ళు. ఆయన దగ్గర ఒక చెక్కపెట్టె నిండా సీసంతో పోతపోసిన సిపాయిలు ఉండేవాళ్ళు, ఒక్కొక్కడు వేలెడంత. ఆయన పడుచుతనంలో ఎవరో దొర ఇచ్చిపోయినవట. పెద్ద మేజా మీద రంపపు పొట్టు పరిచి, ఇటుక ముక్కలు గుట్టలుగా పెట్టి, రెండు పక్కలా సిపాయిలను నిలబెట్టి లడాయి ఆడేవాడు. పాచికలు వేయాలి, పడ్డ లెక్కను బట్టి అవతలివాళ్ళను పడుకోబెట్టాలి. చిన్నపిల్లల ఆట అని నేను ముక్కు మీద వేలేసుకున్న. మా ఆయన మాత్రం ఒక ఆదివారం చూడబోయి, మరుసటి ఆదివారం ఆడబోయి, ఆ తర్వాత ఇంటికి రావడమే మరిచిపోయిండు.

ఆ సిపాయిల రంగు ఎన్నడో పోయింది. ఒంటి మీద ఉత్త సీసం. ఒకనాడు కప్తాన్ సాబ్ షర్తు పెట్టిండు. సిపాయిలను చెరి నూరుమందిని పంచుకోవాలి. మిరుగం, అదే మృగశిర కార్తె, వచ్చేలోపల ఎవరివాళ్ళకు వాళ్ళే రంగులు వేయాలి. మిరుగం నాడు ఒకరి ఫౌజును ఒకరు తనిఖీ చెయ్యాలి, ఆ తర్వాతనే లడాయి.

"జూడు మున్షీజీ, తెల్ల దస్తీ తోటి ఒక్కొక్కని కోటు తుడుస్త. దస్తీకి రంగు అంటిందా, ఆ సిపాయి మైదాన్ల దిగడు. నాదైనా గంతే, నీదైనా గంతే" అన్నడు.

సంక్రాంతి దాటినంక మా ఆయన కూర్చున్నడు. ప్రతి ఆదివారం పొద్దున స్నానం చేసి, కిటికీ పక్కన చాప వేసుకుని, సిపాయి కాళ్ళను మైనంతో ఖాళీ దారపు రీలుకు అంటించి, ఆ రీలు పట్టుకుని రంగు వేసేవాడు. ముఖాలు, బూట్లు, తుపాకులు, నడుముపట్టీలు. కళ్ళు మాత్రం చీపురుపుల్ల చెక్కి ఆ మొనతో పెట్టేవాడు. అప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడు. నేను వెనక నుంచి గిన్నె కింద పెట్టినా ఉలిక్కిపడేవాడు.

నా నోరు ఊరుకోలేదు. "పిల్లలకు రవిక గుడ్డకు దిక్కులేదు, సీసం సిపాయికి ఎర్రకోటు గావాల్నా?"

"ఆళ్ళు అన్నం అడుగుతలేరు గదనే."

"రీళ్ళన్నీ తీస్కపోతిరి, నా చాట తీస్కపోతిరి. రేపు బియ్యం దేంట్ల చెరగాలె? మీ టోపీలనా?"

నవ్వి ఊరుకునేవాడు. ఆ నాలుగు నెలలూ మనిషి తలెత్తి నడిచిండు. దఫ్తర్‌లో ఎవరో ఏదో అంటే మొదటిసారి ఎదురు చెప్పిండని ఆయనే వచ్చి చెప్పిండు. నేను అది విని, కూర చల్లారుతున్నది తినండి అన్న.

ఎర్రకోట్లు ఆఖరుకు ఉంచిండు. ఎరుపు రంగు దొరకడం కష్టమై, అందరికీ ఒక్కసారే కలిపి వేస్తే ఒక్క తీరుగా వస్తదని. రంగుపొడి కలపడానికి, ఆరి గట్టిపడే అవిసె నూనె కావాలి. సీసా అడుగంటింది. వైశాఖం ఎండలో దఫ్తర్‌కు పోతూ సీసా నా చేతికిచ్చిండు.

"అబిడ్స్‌ల మన రంగుల దుకాణం ముసలాయన తాన్నే పోయించుకరా. వేరేతాన వద్దు. ఆయన కల్తీ చెయ్యడు."

అబిడ్స్ దాకా ఆ ఎండలో నడవాలి. లడాయితో అవిసె నూనె పిరమైంది. మా అమ్మగారింటి నుంచి ఆ నెలనే డబ్బాడు ఆముదం వచ్చి మూలకు ఉన్నది. రెండూ పసుపుపచ్చగానే ఉంటయి. నూనె నూనెనే గదా అనుకున్న. అడుగున మిగిలినదాని మీద అర సీసా ఆముదం పోసి, కలిసేటట్టు ఊపి, కిటికీలో పెట్టిన.

సాయంత్రం ఆయన మూత తీసి పుల్ల ముంచిండు. "ఏందే, గీసారి నూనె జర చిక్కగున్నది?"

"లడాయి రోజులు. దుకాణాలల్ల గట్లనే ఇస్తున్నరు" అన్న.

నూనె పోయడం ఒక తప్పు. ఈ మాట అంతకంటే పెద్దది. అప్పుడు నాకు అట్లా తోచలేదు. చాటలో మిగిలిన నూకలు పక్షులకు వేసినంత తేలికగా అనేసిన.

మూడు రోజులు కూర్చుని నూరు కోట్లు వేసిండు. చాటల్లో వరుసగా నిలబెట్టిండు. రెండో రోజు ఆరలేదు, నాలుగో రోజు ఆరలేదు. "మబ్బు పడుతున్నది, గాలిల తేమ ఉన్నది" అని తనకు తానే చెప్పుకుని, విసనకర్ర తెచ్చి సిపాయిలకు విసరడం మొదలుపెట్టిండు. నేను నవ్విన. నవ్వి, ఆయన దఫ్తర్‌కు పోయినంక ఒకని భుజం మీద వేలు పెట్టిన. వేలికి ఎరుపు అంటింది. ముక్కు దగ్గర పెట్టుకున్న. తలంటు నాటి వాసన.

అప్పటికి మిరుగం ఇంకా ఐదు రోజులు ఉన్నది. చెప్పి ఉంటే ఆ ఎరుపు తుడిచి మళ్ళా వేసుకునేవాడు. నేను చెప్పలేదు. నా చేతి కింద వృథా కాదన్న మాట నా చేతితోనే పోతదని చెప్పలేదు. ఒకవేళ ఆరుతుందేమో అనుకున్న. ఆముదం!

మిరుగం నాడు ఒక చాట ఆయన, ఒక చాట నేను పట్టుకుని గల్లీ దాటినం. నేను గడప దగ్గర నిలబడ్డ. కప్తాన్ సాబ్ అద్దాలు పెట్టుకుని మొదటివాణ్ణి ఎత్తి వెలుతురుకు పెట్టిండు.

"సుభానల్లా! మున్షీజీ, వీడు నన్నే జూస్తుండు! వీని కండ్లల్ల భయం గూడ ఉన్నది!"

మా ఆయన ముఖం ఆ ఒక్క నిమిషం ఎట్లుండెనో, పెండ్లినాడు కూడా నేను అట్లా చూడలేదు.

తర్వాత దస్తీ తీసిండు. కోటు మీద మెల్లగా తుడిచిండు. దస్తీ ఎర్రబడ్డది. రెండోవాడు. మూడోవాడు. పదోవాని దగ్గర కప్తాన్ సాబ్ చెయ్యి ఆగిపోయింది.

"గాలిల తేమ మున్షీజీ. ఒక నెల ఆగుదాం. ఫికర్ ఏంది?"

"షర్తు షర్తే సాబ్" అని మా ఆయన తన నూరుమందినీ ఒక్కొక్కణ్ణే మళ్ళా చాటల్లో పడుకోబెట్టిండు. కప్తాన్ సాబ్ ఫౌజు మేజాకు ఒక పక్క నిలబడ్డది. ఎదురుగా ఉత్త రంపపు పొట్టు.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని "నా చేతికి గంతే రాత" అన్నడు. నేను చెంబు అందించిన.

ముఖాలు, బూట్లు ఆరినయి, కొత్త నూనెతో వేసిన కోట్లే ఆరలేదని మరుసటి ఆదివారం ఆయనకు తట్టి కోపం వచ్చింది. అన్నాళ్ళ సంసారంలో నేను చూసిన కోపం అదొక్కటే. "నడువు అబిడ్స్‌కు. నూనె తెచ్చింది నువ్వు. నీ ఎదురుంగనే అడుగుత" అన్నడు. తల నొస్తున్నదన్న. వినలేదు.

దుకాణంలో నలుగురైదుగురు ఉన్నరు. మా ఆయన సీసా తీసి బల్ల మీద కొట్టినట్టు పెట్టిండు. "కల్తీ నూనె అమ్మి పెద్దమనుషుల్లెక్క కూసుంటరా? నా నాలుగు నెలల పని మట్టిపాలు చేస్తివి!"

ముసలాయన సీసా మూత తీసి వాసన చూసిండు. ఒక చుక్క వేళ్ళ మధ్య రుద్దిండు. ఆయనకు తెలిసిపోయింది. "అయ్యా, ఇది మా..." అని, "అమ్మ గీ నడుమ మా దుకాణానికి..." అంటూ నా దిక్కు చూసిండు.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న. నా కండ్లలో ఏం కనబడ్డదో ఆయనకే తెలియాలి. ఎంతసేపు చూసిండో చెప్పలేను. తర్వాత సీసాకు మూత బిగించిండు.

"కావచ్చు అయ్యా. డబ్బాలు మారినట్టున్నయి. పొరపాటు మాదే. ఇగో, వేరే సీసా తీస్కపో" అన్నడు.

"నీ నూనె నీ తాన్నే ఉంచుకో, దొంగ!" అన్నడు మా ఆయన. అందరూ విన్నరు. ఒకాయన కొనబోయిన డబ్బా కింద పెట్టి వెళ్ళిపోయిండు.

మా ఆయన మళ్ళా కుంచె పట్టలేదు. సిపాయిలను సీసం కనబడేదాకా తుడిచి కప్తాన్ సాబ్‌కు అప్పజెప్పి వచ్చిండు. మళ్ళా తల వంచుకుని నడవడం మొదలుపెట్టిండు. ఎవరి మీదా చెడు చెప్పని మనిషి, ఆ దుకాణం మాట వస్తే మాత్రం "గాడికి పోకుండ్రి, ముసలోడు కల్తీ చేస్తడు" అనేవాడు. దఫ్తర్‌లో అన్నడు, పెండ్లిళ్ళల్లో అన్నడు. లడాయి అయిపోయింది, మా పెద్దపిల్ల పెండ్లి అయింది, కప్తాన్ సాబ్ కాలం చేసిండు, ఆ మాట మాత్రం అట్లనే ఉన్నది. ఎన్నిమార్లు విన్ననో. ప్రతిమారూ లోపలికి పోయి ఏదో ఒక గిన్నె తోమేదాన్ని.

ఒకనాడు ఆయన దఫ్తర్ మనిషి ఒకాయన వచ్చిండు. కొత్తగా ఇల్లు కట్టుకున్నడు. తలుపులకు రంగు ఆ దుకాణంలోనే తీసుకుంటున్న అన్నడు. మా ఆయన ఎప్పటి మాట ఎత్తిండు. "వద్దు అన్నా. నేను నమ్మి చెడ్డ."

నేను చాయ్ కప్పులు తెస్తున్న. కప్పులు కింద పెట్టిన.

"ఆ నూనె మంచిదే" అన్న. "ఆయన తాన్నుంచి తేలేదు నేను. ఇంట్ల ఆముదం పోసిన."

వచ్చినాయన చాయ్ తాగకుండనే లేచిండు.  మా ఆయన టోపీ పెట్టుకుని "నడువు" అన్నడు.

అబిడ్స్‌లో దుకాణం అక్కడనే ఉన్నది. ముసలాయన లేడు. కొడుకు కూర్చున్నడు. తండ్రి పోయి రెండేండ్లు అయిందని చెప్పిండు. బల్ల వెనక గోడకు మూరెడు వెడల్పు చెక్క ఒకటి కొట్టి ఉన్నది. దాని నిండా పైనుంచి కిందికి నూనె చుక్కలు, రంగు గీతలు, ఒకదాని మీద ఒకటి, అంగుళం జాగా లేకుండా.

"ఇది దేనికి?" అని అడిగిండు మా ఆయన.

"మా నాయిన పద్ధతి. ఎవరో ఒకాయన నూనె ఆరతలేదని నలుగుర్ల దొంగ అన్నడట. గప్పటిసంది కొత్త డబ్బా తెరిస్తే ఒక చుక్క గీడ పెట్టుడు, ఆరినంక గిరాకీతోటి ముట్టిపిచ్చుడు, గప్పుడే అమ్ముడు. మంచాన పడ్డంక గూడ అడుగుతుండె, చుక్క పెట్టినవా బిడ్డా అని."

మా ఆయన చెయ్యి చాచి ఆ చెక్కను నిమిరిండు. వేళ్ళకు ఏమీ అంటలేదు.

"ఆ ఒకాయన నేనే బిడ్డా. తప్పు మీ నాయినది గాదు. మాఫ్ చెయ్యి" అన్నడు.

పిల్లవాడు కంగారుపడి లేచి నిలబడ్డడు, కుర్చీ వేసిండు. నేను ఆ కుర్చీలో కూర్చున్న. తప్పు ఎవరిదని అతను అడగలేదు. మా ఆయన నా దిక్కు తిరిగి నిలబడ్డడు. నేను కొంగు సర్దుకున్న. గిరాకీ ఎవరో వచ్చిన్రు. మేము బయటికి వచ్చినం.

నాంపల్లి మలుపు దాకా ఆయన వెనకనే నడిచిన. అక్కడ నేనే ఆగి, "నేను చేసిన పని అని ఎందుకు చెప్పలేదు?" అని అడిగిన.

"నువ్వు చెప్తవేమోనని జూసిన" అన్నడు. కోపంగా అనలేదు. టాంగా ఒకటి పోతుంటే నా రెక్క పట్టుకుని పక్కకు జరిపిండు, ఆపైన ముందు నడిచిండు.

ఆ తర్వాత ఎన్నిమార్లు ఆ దుకాణం ముందు నుంచి పోయిననో. పండ్లకు పోయిన, దవాఖానకు పోయిన, పోస్టాఫీసుకు పోయిన. ఒక్కమారు కూడా లోపలికి పోలేదు.