నాలుగింటి క్లాసుకు ఇంకో ఇంజన్

ఆ ఆదివారం సాయంత్రం నాలుగింటికి నా మొదటి ఆన్‌లైన్ తెలుగు క్లాసు. ఈ హిందీ ఊళ్లో తోర్వా, లింగియాడీహ్ పేటల వైపు ఉన్న తెలుగు రైల్వే కుటుంబాల నుంచి ఆరుగురు పిల్లల్ని పోగుచేసేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవమంటే మాత్రం హిందీలోకి దూకేస్తారు. ఇప్పుడు తెలుగెందుకన్న తల్లుల్ని బతిమాలి ఒప్పించాను. మొదటిరోజే క్లాసు తప్పితే ఇక ఒక్కరూ రారు.

నా బుద్ధి తక్కువై, ఆ పొద్దున్నే లాప్‌టాప్ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటానంటే సరేనన్నాను. మధ్యాహ్నం చూస్తే వైఫై గుర్తే మాయం. రౌటర్ ఆపి మళ్లీ వేశాను. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను, దాన్నీ పట్టుకోలేదు. సెట్టింగ్స్‌లో కనిపించినవన్నీ నొక్కేశాను. రెండున్నరకి ఏడుపు ఒక్కటే తక్కువ.

నాన్న రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యారు. చదువంతా ఇక్కడే, హిందీలో. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఇంట్లో మిక్సీ చెడినా షెడ్డు అలవాటు ప్రకారం రిజిస్టరులో రాసుకున్నాకే చెయ్యి వేస్తారు. బాగయ్యాక తనే చూసి తనే సంతకం పెట్టుకుంటారు. ఆ రోజూ రిజిస్టరుతో వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఆఖర్ని ఏటి మార్చినావు?"

"ఇది ఇంజన్ కాదు నాన్నా! కాసేపు నన్ను వదిలెయ్యి" అని అరిచాను.

ఆయన కదల్లేదు. "ఫోన్లో నెట్టొస్తందా?"

"వస్తోంది."

"అచ్ఛా. అయితే లైను బాగుంది. పొద్దున్న మార్చిందే పాడుసేసింది."

నిజమే. వైఫైని నడిపే పాత సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టమ్‌కి సరిపడలేదు. సరిపడేది దించుకోవాలంటే నెట్ కావాలి. ఆ నెట్ లేకనే కదా ఈ గోలంతా! క్లాసు లేదని తల్లుల గ్రూపులో టైపు చేయడం మొదలుపెట్టాను.

"దార్లో ఇంజన్ ఫెయిలైతే బండి కేన్సిల్ సేసేస్తారేటి?" అన్నారు నాన్న. "ఇంకో ఇంజన్ తగిలించి లాక్కొస్తారు. నీ ఫోన్లో నెట్టుంది కదా, గాల్లో అందకపోతే వైరుతో తగిలించలేవేటి?"

ఛార్జింగు వైరు నా మోచేతి కిందే ఉంది. దాంతో ఫోన్‌ని లాప్‌టాప్‌కి కలిపి టెథరింగ్ నొక్కాను. నెట్ వచ్చింది. కావలసిన సాఫ్ట్‌వేర్ దించి, వేసి, లాప్‌టాప్ ఆపి తెరిచేసరికి వైఫై గుర్తు తన చోట కూర్చుని ఉంది. అప్పటికి మూడూ నలభై. నాన్న మీద అరిచినందుకు సిగ్గేసింది. సారీ చెప్పాను.

"ముందు వైరు తీసి నడిపి సూడు" అన్నారాయన. "ట్రయల్ లేకుండా షెడ్డు దాటించకూడదు."

నాలుగింటికి ఆరుగురూ వచ్చారు. "అ" రాయించాను. "దీదీ, యే తో గోల్ గోల్ హై" అని అక్షరం గుండ్రాలు చూసి ఒక పాప నవ్వితే అందరూ నవ్వారు. నాన్న కెమెరాకి కనపడకుండా ఏదో రాసుకుంటున్నారు. మరమ్మతు వివరాలనుకున్నాను.

క్లాసయ్యాక రిజిస్టరు నా ముందుకు జరిపారు. హిందీలో రాసిన మరమ్మతు కింద పేజీ చివరిదాకా వంకర వంకర "అ"లు.

"సరిగ్గున్నాయేటో సూసి సంతకం పెట్టు" అన్నారు.

ఇన్నేళ్లలో ఆ రిజిస్టరులో నాన్నది తప్ప ఇంకొకరి సంతకం లేదు. కళ్లు తుడుచుకుని, తెలుగులో పెట్టాను.