రెండు పొట్లాలు, ఒక దగ్గు

ఆ శనివారం ఇంగ్లండ్‌లో, స్విండన్‌లోని మా ఇంట్లో ఉతికిన బట్టల బుట్టతో మెట్లెక్కుతుంటే, సగంలో తొడలు పట్టు తప్పి కూర్చుండిపోయాను. కిందినుంచి నా భార్య సుజాత, "ఏవండీ, మెట్లు లెక్కపెడుతున్నారా?" అంది.

నేను గిడ్డంగిలో స్టాకు చూస్తాను. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. కొన్ని వారాలుగా నా బీపీ గ్రాఫు గీస్తున్నాను. మా ఫ్యామిలీ డాక్టర్, అదే జీపీ, బీపీ మాత్ర డోసు పెంచినా గీత పైకే పోతోంది.

సోమవారం బ్లడ్ టెస్ట్ చేశారు. సాయంత్రానికే జీపీ క్లినిక్ నుంచి ఫోన్: "పొటాషియం బాగా తక్కువ. వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. మీరు డ్రైవ్ చేయొద్దు."

అక్కడ ఈసీజీ చూసిన డాక్టర్, "ఇంకా పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఏమేం వాడుతున్నారు?" అని అడిగాడు. బీపీ మాత్ర ఒక్కటే చెప్పాను.

"మరి దగ్గుకి వాడేవి?" అంది సుజాత.

"అవి వేర్లేగా."

"వేర్లు కూడా తెప్పించండి," అన్నాడు డాక్టర్.

అంతకుముందు జలుబు పోయినా పొడిదగ్గు వదలకపోవడంతో లండన్‌లోని హారోలో ఒక టిబెటన్ వైద్యురాలిని కలిశాను. నాడి చూసి మూలికల మాత్రలిచ్చింది. ఇంట్లో సుజాత అతిమధురం కషాయం కాచేది. దేనికది మితంగానే ఉందని నా లెక్క.

సుజాత రెండు పొట్లాలూ తెచ్చాక వైద్యురాలికి ఫోన్ చేశాం. ఆమె హిందీలో, "ఇంకేమైనా తాగుతున్నారా అని అడిగితే లేదన్నారు కదా భాయీ? నా మాత్రల్లో తియ్యకర్ర ఉంది. అన్నీ ఆపేయండి," అంది.

సుజాత ఒక మాత్ర చిదిమి నాలిక మీద వేసుకుంది. "అతిమధురమేనండీ."

డాక్టర్ తలూపాడు. "లికరిష్. ఎక్కువైతే పొటాషియం తగ్గిస్తుంది, బీపీ పెంచుతుంది."

డ్రిప్ పెట్టి, తర్వాత పొటాషియం మాత్రలతో ఇంటికి పంపారు. మరుసటి వారం పొటాషియం మళ్లీ తగ్గింది. మానేసినా ఒంట్లో దాని ప్రభావం కొన్నాళ్లు ఉంటుందట. ఆ రాత్రి సుజాత అన్నం ముట్టలేదు. "నా చేత్తోనే కదా కాచి పోశాను," అంది.

"నువ్వు కాచావు. రెండిట్లో ఉన్నదీ కలిపి లెక్క కట్టాల్సింది నేను," అన్నాను.

ఇప్పుడు పొటాషియం సరిగ్గా ఉంది. బీపీకి పాత చిన్న డోసే. బట్టల బుట్ట మళ్లీ నా వంతుకే వచ్చింది. దగ్గు దానంతటదే పోయింది. ఆ వైద్యురాలు ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లని మొదటి రోజే వంటింటి డబ్బాలు కూడా తెమ్మంటోంది.

నేను చెప్పేదీ అదే. ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా నోట్లోకి పోయేవన్నీ సంచిలో వేసి పట్టుకెళ్లండి. ఏది మందో, ఏది కాదో ఇంట్లోనే తేల్చేయకండి.